పొడుగు సైకిలు మీద అత్తయ్యగారితో బాపట్లకి

తెనాలిలో బస్సెక్కితే బాపట్ల గంటన్నర ప్రయాణం. నాకూ మా అత్తయ్యగారికీ రెండు రోజులు పట్టింది. పైగా తిన్నగా వెళ్ళకుండా రేపల్లె చుట్టు తిరిగి వెళ్ళాం. ఈ మాట విన్నవాళ్ళు ముందు నవ్వుతారు, తరవాత దేని మీద వెళ్ళారని అడుగుతారు. కాబట్టి సైకిలు సంగతితోనే మొదలుపెడతాను.

తెనాలి

నాది మిక్సీలు, గ్రైండర్లు బాగుచేసే కొట్టు. గ్రైండరు పాడైందంటే దాన్ని కొట్టుకి తేవాలి, బాగయ్యాక మళ్ళీ ఇంటికి చేర్చాలి. రాయితో కలిపి అదేం తేలికపాటి వస్తువు కాదు. ప్రతిసారీ రిక్షా పెడితే నా కష్టం కాస్తా రిక్షాకే సరిపోయేది. ఆ రోజుల్లో మా బజార్లో కొత్తగా నెట్ సెంటర్ పెట్టారు, గంటకి పదిహేను రూపాయలు. ఒక మోటారు బొమ్మ వెతుక్కుందామని వెళ్ళిన నాకు, ఎవరో దొరగారు వెనక బాగా సాగదీసిన సైకిలు మీద ఇద్దరు పిల్లల్నీ, ఒక నిచ్చెననీ వేసుకుని పోతున్న ఫోటో కనపడింది. మోటారు సంగతి మర్చిపోయి ఆ బొమ్మ ప్రింటు తీయించుకుని బయటికొచ్చాను.

గేట్లు, గ్రిల్లులు చేసే ఖాజా నా స్నేహితుడు. బొమ్మ చూసి, ఇది సైకిలు కాదన్నా, ఎవరో సైకిలుని పట్టుకుని లాగారు అన్నాడు. వారం తిరక్కుండా మా నాన్న పాత సైకిలుని సీటు వెనక కోసి, రెండు ఇనప గొట్టాలు అతికించి, వెనక చక్రాన్ని మూరెడు వెనక్కి జరిపాడు. ఒక చైను చాలక రెండు చైన్లు కలిపాం. పైన వేపచెక్క, దాని మీద పరుపు ముక్క. రెండు పక్కలా ఎరువుల గోతాలతో కుట్టిన సంచులు, కింద కాళ్ళు పెట్టుకోను కమ్మీలు.

మొదటి రోజు గ్రైండరు మోశాను. రెండో రోజు గ్రైండరూ, గ్యాసు బండా. నెల తిరిగేసరికి పిల్లలిద్దర్నీ బళ్ళో దింపి, మార్కెట్లో అరటిగెలలు వేసుకుని, ఎదురింటి పంతులుగారి బియ్యం బస్తా దింపి, అప్పుడు కొట్టు తీయడం అలవాటైపోయింది. బరువు కిందుగా ఉంటుంది కనక సైకిలు తూగదు. చిక్కల్లా మలుపుల దగ్గరే. సందు తిరిగేటప్పుడు నేను వెళ్ళిపోయినా నా వెనక సగం ఇంకా రాదు. బోసు రోడ్డులో వెనకొచ్చే ఆటోవాళ్ళకి సైకిలు అక్కడితో అయిపోలేదన్న సంగతి తెలిసేది కాదు. రెండుసార్లు గుద్దించుకున్నాక తోకకి ఎర్రగుడ్డ కట్టాను.

ఇక అత్తయ్యగారు. ఆవిడ పేరు వెంకటరత్నమ్మగారు. మామగారు పోయాక మా పక్క వీధిలో ఒక్కరే ఉంటున్నారు. ఆవిడకి బస్సు పడదు. ఎక్కిన పది నిమిషాలకే వాంతులు, కళ్ళు తిరగడం. ఆటో అయినా అంతే, కారైనా అంతే. రైలెక్కినా ఆ కిటకిటలో ఊపిరాడదంటారు. అందుకే ఊరు దాటి ఏళ్ళయింది.

ఆవిడ చెల్లెలు అన్నపూర్ణగారు ఉండేది బాపట్లలో. మూడేళ్ళ కిందట అన్నపూర్ణగారి భర్త పోయారు. మేమంతా వెళ్ళాం, అత్తయ్యగారు రాలేదు. పెళ్ళికి పిలిచినా రాకపోతే సర్దుకుంటారు గానీ, చావుకి పలకరించడానికి తోబుట్టువే రాకపోతే మనవైపు దాన్ని మరిచిపోరు. బస్సు పడదని చెబితే అన్నపూర్ణగారు నమ్మలేదు. అప్పట్నించీ మాటల్లేవు. ఫోను చేస్తే, ఇంట్లో లేరని ఆవిడ గొంతే చెప్పేది.

మాఘమాసంలో ఒక పొద్దున అత్తయ్యగారు మా ఇంటికొచ్చి నా సైకిలు చుట్టూ ఒకసారి తిరిగారు. పరుపు నొక్కి చూశారు. నాతో నేరుగా అడగకుండా మా ఆవిడ పద్మతో, “అల్లుడుగారిని అడుగు. ఇది మనుషుల్ని కూడా మోస్తుందా?” అన్నారు.

అత్తగారు అల్లుడి సైకిలెక్కడం మా వీధి ఎరగని సంగతి. పైగా ఆవిడ, అల్లుడి వీపుకి మొహం పెట్టి కూర్చోవడం మర్యాద కాదని, వెనక్కి తిరిగి కూర్చుంటానన్నారు. మా ఇద్దరి వీపుల మధ్య ఒక దిండు పెట్టారు. ఒక సంచిలో ఆవిడ బట్టలు, ఇంకోదాంట్లో చెల్లెలికని బెల్లం జిలేబీ. పొన్నూరు రోడ్డులో లారీలెక్కువని, రేపల్లెలో వాళ్ళ అన్నయ్యని ముందు చూసి వెళ్దామన్నారు. బయల్దేరేటప్పుడు ఖాజా వచ్చి నట్లన్నీ బిగించి, జాగ్రత్తండి అమ్మా అన్నాడు. ఆవిడ అతనికి సమాధానం చెప్పేలోపే వీధి మలుపు దాటేశాం.

వేమూరు, భట్టిప్రోలు

ఆ ప్రయాణంలో నాకు రాబోయేది కనిపించేది, ఆవిడకి అయిపోయింది కనిపించేది. నేను ఒక ఊరు దాటేసి దాన్ని మర్చిపోయాక, “ఇందాకటి ఇల్లు బాగుంది బాబూ, పెరట్లో రెండు నిమ్మచెట్లున్నాయి” అనేవారు. నేను చూసుండను. అలా నేను చూడని ఊళ్ళన్నీ ఆవిడ నోటి మీదుగా విన్నాను.

కోతలైపోయి పొలాల్లో మినుము పచ్చగా ఉంది. అక్కడక్కడ పీకుతున్నారు కూడా. వేమూరు దాటాక గట్టు మీద అన్నాలు తింటున్న కూలి ఆడవాళ్ళు మమ్మల్ని చూసి లేచి నిలబడ్డారు. ఒకామె, “పిన్నిగారూ, ఎనక్కి తిరిగి కూర్చున్నారేంటి, అలిగారా?” అని అడిగింది. అత్తయ్యగారు, అలక కాదు, అల్లుడుగారని చెప్పారు. ఆ జవాబు వాళ్ళకి పూర్తిగా అర్థమైంది. మాకు రెండు గుప్పెళ్ళ పచ్చి పెసరకాయలిచ్చి పంపారు.

భట్టిప్రోలులో ఆగి పెసరట్లు తిన్నాం. అట్టు ఆరు రూపాయలు. మా తెనాలిలో పెసరట్టుతో అల్లం చట్నీ గరిటెతో వేస్తారు. ఇక్కడ గిన్నెడు మన ముందు పెట్టేసి వెళ్ళిపోయారు. అత్తయ్యగారు గిన్నె ఖాళీ చేసి, చింతపండు పాతదని తేల్చారు. ఈలోగా సైకిలు చుట్టూ జనం మూగారు. తెనాలిలో ఈ సైకిలు చూసినవాళ్ళు ఎంతైందని అడుగుతారు. భట్టిప్రోలులో మాత్రం అందరిదీ ఒకటే ప్రశ్న, “ఎన్ని బస్తాలు లాగుద్ది?” రెండని చెప్పాను. ఒక పెద్దాయన నమ్మక, తన ఆటోలోంచి ఊక బస్తా దింపి, అత్తయ్యగారి చోట పెట్టి, తనే తొక్కి చూశాడు. తిన్నగా బాగానే పోయాడు. వెనక్కి తిప్పడమే రాలేదు. అక్కడ రోడ్డు చిన్నది. సైకిల్ని ఎత్తి తిప్పడానికి నలుగురు పట్టారు.

భట్టిప్రోలు దాటాక ఎండెక్కింది. ఆవిడ గొడుగు విప్పారు. వెనక్కి తిరిగి కూర్చున్న మనిషి గొడుగు విప్పితే ఎదురుగాలికి ఏమవుతుందో నేను ఆలోచించలేదు, ఆవిడా ఆలోచించలేదు. గాలి ఒక్క తోపు తోసేసరికి గొడుగు తిరగబడింది, సైకిలు రోడ్డు దిగి కాలవ గట్టు మీద గడ్డిలోకి పోయి ఆగింది. దెబ్బలేం తగల్లేదు. కాలవకి జానెడు దూరంలో ఉన్నాం. ఆవిడ గడ్డిలో కూర్చునే గొడుగుని మోకాలి మీద పెట్టి తిరిగి సరిచేసుకుంటూ నవ్వడం మొదలుపెట్టారు. మా పెళ్ళయిన పదేళ్ళలో ఆవిడ నా ఎదుట పైకి నవ్వడం అదే మొదలు. కొంగు నోటికడ్డం పెట్టుకున్నా ఆగలేదు. నేనూ నవ్వాను.

రేపల్లె

రైలు పట్టాలు రేపల్లెలో అయిపోతాయి. ఊరు కూడా అందుకు తగ్గట్టే ఇంకెక్కడికీ పోయే తొందర లేనట్టుంటుంది. ఎటు చూసినా రైసు మిల్లులు, గాలిలో తవుడు వాసన. అత్తయ్యగారి అన్నయ్య సుబ్బారాయుడుగారు ఒక మిల్లులో గుమాస్తా చేసి మానుకున్నారు. మేం వెళ్ళేసరికి ఆయన అరుగు మీద కూర్చుని కాళ్ళకి నూనె రాసుకుంటున్నారు. చెల్లెల్ని చూసి రమ్మనడం కూడా మర్చిపోయి, ఎట్లా వచ్చావని అడిగారు. చెబితే చొక్కా వేసుకుని బయటికొచ్చి, సైకిలు పొడుగంతా జానలతో కొలిచారు.

ఆ పూట గోంగూర పప్పు, వడియాలు. తిన్నాక అత్తయ్యగారు అసలు విషయం కదిపారు. అన్నయ్య ముందుగా బాపట్లకి ఫోను చేసి నచ్చజెప్తే బాగుంటుందని ఆవిడ ఆశ. ఆయన తల అడ్డంగా ఊపారు. చెప్పి వెళ్తే తలుపుకి తాళం వేసుకుని ఎటో పోతుంది, నాకు తెలుసు దాని సంగతి అన్నారు. నేను కూడా దానికి ఎన్నోసార్లు చెప్పి చూశాను, వినదు, నువ్వే వెళ్ళి నిలబడు అన్నారు.

రాత్రి అక్కడే పడుకుని, పొద్దున బజార్లో పూరీ, బొంబాయి చట్నీ తిన్నాం. టీ మూడు రూపాయలు, గ్లాసు నిండా పోశారు. మా ఊళ్ళో గ్లాసు సగానికే ఆగుతారు. బయల్దేరుతుంటే సుబ్బారాయుడుగారు కొత్తబియ్యం పాతిక కేజీల బస్తా తెచ్చి సంచిలో దింపారు. పుట్టింటి బియ్యం, దానికివ్వు అన్నారు. ఇంకోవైపు బరువు సరితూగాలని రెండు గుమ్మడికాయలు పెట్టారు. నా సైకిలు ఏమంటుందో ఎవరూ అడగలేదు.

పిట్టలవానిపాలెం

సైకిలు తన మాట పిట్టలవానిపాలెం పొలిమేరలో చెప్పింది. వెనక చక్రంలో టప్పుమని ఒకటి, కాసేపటికి ఇంకోటి, ఆ తరవాత ఒకేసారి నాలుగు స్పోకులు తెగాయి. చక్రం తమలపాకులా వంగి గొట్టానికి రాసుకుంది. అత్తయ్యగారు దిగి, ఒక గుమ్మడికాయని చంకనెత్తుకున్నారు. సైకిల్ని తోసుకుంటూ ఊళ్ళోకి నడిచాం.

సెంటర్లో సైకిలు షాపు మస్తానుగారిది. యాభై దాటుంటాయి. నేను ఆ పొడుగు సైకిల్ని షాపు ముందు నిలబెడుతుంటే ఆయన చేస్తున్న పంచరు వదిలేసి చూస్తూ ఉండిపోయారు. కూర్చుని చక్రం తిప్పి, ఎవరు చేశారని అడిగారు. చెప్పాను. అతుకు బాగుంది, వెల్డింగు చేసినోడికి చెయ్యి తిరిగింది, చక్రం సంగతే ఆలోచించలేదు అన్నారు. “సైకిలు స్పోకులు ఈ బరువుకి ఆగవు బాబూ. రిక్షావి వెయ్యాలి.”

రిక్షా స్పోకులు ఆయన దగ్గర అమ్మకానికి లేవు. వెనక పాకలో తన తండ్రి తొక్కిన రిక్షా చక్రాలు రెండున్నాయి, ఎప్పటినుంచో అలా పడున్నాయి. ఒకదాన్ని బయటికి తెచ్చి కాసేపు చూశారు. ఉంచి ఏం చేసుకుంటాను, తిరిగితే వీటికీ బాగుంటుంది అని తనే అనుకుని విప్పడం మొదలుపెట్టారు. అంచుకి కన్నాలు పెద్దవి చేయాలి, స్పోకుల పొడుగు తగ్గించాలి, కోసిన కొసలకి మళ్ళీ మర వెయ్యాలి. మిక్సీలు విప్పే చేతులే కదా అని నన్నూ పక్కన కూర్చోబెట్టుకున్నారు. మధ్యాహ్నం దాటిపోయింది.

అత్తయ్యగారిని ఆయన భార్య లోపలికి తీసుకెళ్ళారు. నేను మధ్యలో మంచినీళ్ళకి వెళ్ళి చూస్తే ఇద్దరూ గుమ్మడికాయ కోస్తున్నారు. వాళ్ళింట్లో గుమ్మడికాయ హల్వా చేస్తారట. మా ఇంట్లో పులుసు తప్ప ఎరగం. అత్తయ్యగారు పొయ్యి పక్కనే కూర్చుని పాలు ఎప్పుడు పోయాలో, చక్కెర ఎప్పుడు వెయ్యాలో అడిగి అడిగి తెలుసుకుంటున్నారు. మేం బయల్దేరేటప్పుడు స్టీలు డబ్బా నిండా హల్వా మా సంచిలో ఉంది. మస్తానుగారు చక్రాన్ని వేలితో తిప్పి వదిలారు. వణుకు లేకుండా తిరిగింది. పని కూలి అరవై రూపాయలు తీసుకున్నారు, స్పోకులకి మాత్రం తీసుకోలేదు.

ఊరు దాటాక సముద్రపు గాలి ఎదురొచ్చింది. బాపట్లవైపు మధ్యాహ్నం దాటితే అంతే, ఎంత తొక్కినా రోడ్డు కదలనట్టుంటుంది. అప్పుడు నా వెనక నుంచి, రోడ్డుతో చెబుతున్నట్టు అత్తయ్యగారు మొదలుపెట్టారు.

మూడేళ్ళ కిందట మేమంతా బాపట్ల వెళ్ళిన మర్నాడు ఆవిడ ఎవరికీ చెప్పకుండా ఒక్కరే బస్సెక్కారట. పొన్నూరు దాకా కొంగు నోట్లో కుక్కుకుని కూర్చున్నారట. అక్కడ దిగబోతూ మెట్ల మీదే పడిపోయారు. పూలమ్మే ఆమె ఎవరో తలకి నీళ్ళు కొట్టి నీడలో పడుకోబెట్టింది. సాయంత్రందాకా లేవలేకపోయారు. తెనాలికి ఇటుకలు తెస్తున్న ట్రాక్టరు దొరికితే, గాలి తగులుతుందని ఇటుకల పక్కన కూర్చుని ఇల్లు చేరారు. సగం దారి వెళ్ళి చెల్లెల్ని చూడకుండా తిరిగొచ్చానని ఏ మొహం పెట్టుకుని చెప్పను, అందుకే పద్మకి కూడా చెప్పలేదు అన్నారు.

నేను సైకిలు ఆపబోయాను. “ఆపకండి బాబూ. ఆపితే చెప్పలేను” అన్నారు. కొంచెం దూరం పోయాక ఇంకో మాట, “దానికి చెప్పొద్దు. చావింటికి రానిదానికి సంజాయిషీ ఉండదు.”

బాపట్ల

ఎండ వాలుతుండగా బాపట్ల చేరాం. ఇక్కడి మనుషులు సైకిలు ఖరీదూ అడగలేదు, బస్తాలూ అడగలేదు. ఎవరింటికి అని అడిగారు. చెప్పగానే ఇద్దరు ముగ్గురు దారి చూపిస్తూ సందు మొదటిదాకా వచ్చారు.

అన్నపూర్ణగారు గుమ్మంలో కూర్చుని చేటలో మినుములు చెరుగుతున్నారు. అక్కకంటే బక్కగా, అచ్చం అదే ముక్కుతో. సైకిలు ఆగింది. అత్తయ్యగారు దిగబోయారు గానీ, వెనక్కి తిరిగి కూర్చోడంతో కమ్మీలందక రెండు రోజులు వేలాడిన కాళ్ళు ఉబ్బిపోయి నేల మీద ఆనలేదు. సీటు పట్టుకుని అలాగే నిలబడ్డారు. చేట ఆగింది. లేవలేదు ఆవిడ.

“దేని మీద వచ్చావు?”

“అల్లుడుగారి సైకిలు మీద. రేపల్లె మీదుగా.”

అన్నపూర్ణగారు సైకిల్ని, బస్తాని, అక్క పాదాల్ని వరసగా చూశారు. “మూడేళ్ళ కిందట రావాల్సింది” అన్నారు. “ఇప్పుడు ఎవర్ని పలకరిద్దామని?”

అత్తయ్యగారు నా వైపు చూసి, చెప్పొద్దన్నట్టు తల ఆడించారు. నేను ఆవిడ మాట ఎన్నడూ దాటినవాణ్ణి కాను. కానీ రెండు రోజులుగా ఆ మనిషి వీపు బరువు నా వీపుకి తెలుస్తూనే ఉంది. చెప్పేశాను. ఆవిడ ఆ రోజు బస్సెక్కారని, పొన్నూరులో పడిపోయారని, ఇటుకల ట్రాక్టరు మీద ఇంటికొచ్చారని, ఎవరికీ చెప్పలేదని, నాకైనా ఇందాకే తెలిసిందని.

అన్నపూర్ణగారు చేట పక్కన పెట్టి లేచారు. లోపలికి వెళ్ళిపోయారు. తలుపు వేసేస్తారేమో అనుకున్నాను. లోపల ఏదో గిన్నె చప్పుడు, పంపు తిప్పిన చప్పుడు. కాసేపటికి వేణ్ణీళ్ళ బకెట్టుతో బయటికొచ్చి, అందులో గుప్పెడు ఉప్పు వేసి, అక్కని అరుగు మీద కూర్చోబెట్టి కాళ్ళు నీళ్ళలో పెట్టారు. తను కింద కూర్చుని ఆ కాళ్ళు రుద్దుతూ, “ఒక్కదానివీ ఎందుకెక్కావే” అన్నారు. ఆ తరవాత ఇద్దరూ ఏడ్చారు. నేను బియ్యం బస్తా దింపి, సైకిలు తోసుకుంటూ పక్క సందులోకి వెళ్ళి, బిగించాల్సిన అవసరం లేని నట్లని చాలాసేపు బిగించాను.

మర్నాడు ఆ ఇంట్లో నాకు కాఫీ మూడుసార్లు ఇచ్చారు. మస్తానుగారింటి హల్వా, మా బెల్లం జిలేబీ పక్కపక్కనే పెట్టుకుని ఏది గొప్పదో అక్కాచెల్లెళ్ళు తేల్చుకోలేకపోయారు. నేను గ్యాసు బండ తెచ్చిపెట్టాను. పక్కింటివాళ్ళ బీరువా ఒకటి వడ్రంగి దగ్గర పడుంటే అదీ తెచ్చాను. దాన్ని అడ్డంగా కట్టి సందులో వస్తుంటే సగం వీధి గోడలకి ఆనుకుని దారిచ్చింది. సాయంత్రానికి, సైకిలు బాపట్లలోనే ఉంచేసి నేను బస్సులో వెళ్ళిపోతే ఎలా ఉంటుందని ఇద్దరు ముగ్గురు మర్యాదగా అడిగారు.

రైలు గేటు

ఆ మర్నాడు పొద్దున నేను బయల్దేరాను, ఒక్కణ్ణే. అత్తయ్యగారు కొన్నాళ్ళు ఉంటారని రాత్రి భోజనాల దగ్గరే తేలిపోయింది. అన్నపూర్ణగారు గుమ్మం దాకా వచ్చి, ఖాళీగా ఉన్న పరుపు మీద చెయ్యి వేసి చూశారు. దీని మీద కూర్చుంటే ఎలా ఉంటుందని అడిగారు. ఎక్కండి, వీధి చివరిదాకా తిప్పి దింపుతానన్నాను. ఆవిడ అక్కలాగా వెనక్కి తిరగలేదు. ముందుకి తిరిగి, ఒక చేత్తో సీటు పట్టుకుని కూర్చున్నారు.

వీధి చివర ఆపబోతే ఇంకొంచెం పోనివ్వమన్నారు. బజారు దాటాం. కూరగాయలవాళ్ళు పలకరిస్తే ఆవిడ చెయ్యి ఊపారు. రైలు గేటు వేసుంది, అక్కడ ఆగాం. గూడ్సు బండి ఒకటి నెమ్మదిగా పోతోంది. అది పోయేదాకా ఆవిడ దిగలేదు. దిగాక చీర సర్దుకుంటూ, “ఆయన పోయాక ఇల్లు దాటి ఇంత దూరం రాలేదు నాయనా” అన్నారు. ఏదో చిన్న సంగతి చెప్పినట్టే చెప్పారు.

మళ్ళీ ఇంటిదాకా దింపుతానంటే వద్దన్నారు, నడుస్తానన్నారు. గేటు తీశారు. వెనక ఆటోలు హారన్లు కొడుతున్నాయి. అత్తయ్యగారిని తీసుకెళ్ళడానికి ఎప్పుడు రమ్మంటారో ఫోను చేసి చెప్పమన్నాను.

“నేను చెప్తేనే వస్తావా?”

“అవునండి. మీరెప్పుడంటే అప్పుడు.”

“అయితే నేను చెప్పను” అని, చెప్పుల చప్పుడు చేసుకుంటూ బజారు వైపు వెళ్ళిపోయారు.